గరిటె వంకర తీసిన స్టూడియో

ఆ ఫొటోల సంగతి ఇక వదిలెయ్యమని మా అబ్బాయి రోజూ చెబుతాడు. నేను వదలను. చిన్నప్పుడే బడి మాన్పించి ఇంటిపనిలో పెట్టారు నన్ను. కాగితం మీద రాసి పెట్టుకునే అలవాటు ఎప్పుడూ లేదు కాబట్టి, చూసిందీ విన్నదీ అంతా తలలోనే ఉండిపోతుంది. ఎవరి పెళ్ళిలో ఏ కూర మాడిందో కూడా చెప్పగలను. అలాంటిది, నా మనవరాలికి జరిగింది ఎలా మర్చిపోతాను? మా మనవరాలే పెన్ను ఇచ్చి, అంత కోపం లోపల పెట్టుకుంటే బీపీ పెరుగుతుంది, రాసెయ్యి నాయనమ్మా అంది. అందుకని రాస్తున్నాను.

మేం సీతాఫల్‌మండిలో ఉంటాం. నేను, మా అబ్బాయి, కోడలు, మనవరాలు. ఇది పోయిన చలికాలం సంగతి. అప్పుడు పిల్ల తొమ్మిదో తరగతి. మొద్దు కాదు. ఇంట్లో అడిగితే అన్నీ చెబుతుంది. పరీక్ష కాగితం ముందు పెడితే మాత్రం చేతులు చల్లబడిపోయి, వచ్చింది కూడా రాయదు. సైన్సులో మార్కులు బాగా తగ్గాయి. ఆ బడిలో పదో తరగతికి పంపే ముందు పిల్లల్ని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరతారు. బాగా చదివేవాళ్ళు ఎ సెక్షన్. ఏరి పారేసినవాళ్ళు సి సెక్షన్. ఎ సెక్షన్‌కి పెద్ద గది, అనుభవం ఉన్న టీచర్లు. సి సెక్షన్‌కి మెట్ల కింద గది, ఏ పూట ఎవరికి తీరిక ఉంటే వాళ్ళొచ్చి చెప్పిపోతారు. పిల్ల సి సెక్షన్‌కి పోతుందని మేం ఇంచుమించు అనుకున్నాం. అప్పుడు సైన్సు మేడం దాన్ని పిలిచి చెప్పిందట.

"సైన్స్ ఎగ్జిబిషన్‌లో నీ ప్రాజెక్టుకి మంచి మార్కులొస్తే, నిన్ను ఎ సెక్షన్‌లో ఉంచమని నేను మాట్లాడతా. రాకపోతే నా చేతుల్లో లేదు."

దానికి ఇచ్చిన ప్రాజెక్టు కాంతి వక్రీభవనం. అంటే వెలుగు ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి పోయేటప్పుడు దారి మళ్ళడం. నెట్‌లోంచి బొమ్మలు తీసుకోకూడదు. ఇంట్లో, వీధిలో కనిపించేవాటిని సొంతంగా ఫొటోలు తీసి అతికించాలి.

ఇక చూడండి మా ఇల్లు. పిల్ల వాళ్ళ నాన్న ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మొదట స్టీలు బేసిన్‌లో నీళ్ళు పోసి, సాంబారు గరిటె అందులో ఏటవాలుగా ముంచింది. "చూడు నాయనమ్మా" అంది. నీళ్ళు తగిలినచోట గరిటె పిడి టక్కున విరిగి ఇంకోవైపు పోయినట్టుంది. ఇన్నేళ్ళు గిన్నెలు తోమినదాన్ని, చూసే ఉంటాను. కానీ అదొక సంగతి అని ఎవరూ చెప్పలేదు నాకు.

తర్వాత నా వంతు వచ్చింది. బట్టలు నానబెట్టే నీలం టబ్బు నిండా నీళ్ళు పోసి నన్ను అందులో నిలబడమంది.

"ఏందే గిది? గీ సలికాలంల నన్ను నీళ్ళల్ల నిలబెడతవా?"

"జెర కదలకుండా నిలబడు నాయనమ్మా. నీ కాలు విరిగినట్టు కనబడాలె."

"నా కాలు విరగ్గొట్టి సైన్సు చదువుతవా?"

"విరగది. కనబడతది, అంతే. చీర ఇంకొంచెం పైకి అను."

"ఇంక పైకి అంటే చర్చిల నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

వంగి చూసుకున్నాను. పిల్ల చెప్పింది నిజమే. నీటి అంచు దగ్గర కాలు తెగి పక్కకు జరిగినట్టుంది. నీళ్ళలో ఉన్న పాదాలు పైకి లేచి, పొట్టిగా, వెడల్పుగా, బాతు పాదాల్లా ఉన్నాయి. నా పగిలిన మడమలు, వంగిన బొటనవేలి గోరు, అన్నీ ఫొటోలో పడ్డాయి. ఇవి బడిలో పెడతావా అని అడిగితే, అవే కావాలి అంది.

ఎందుకలా కనిపిస్తుందో కూడా చెప్పింది. మన గల్లీ చివర సిమెంటు రోడ్డు అయిపోయి మట్టి మొదలవుతుంది కదా, ఆటో ఏటవాలుగా అక్కడ దిగితే ముందు దిగిన పక్క చక్రం నెమ్మదైపోతుంది, రెండో పక్కది ఇంకా జోరు మీద ఉంటుంది, అందుకని బండి పక్కకు తిరుగుతుంది. వెలుగు కూడా అంతేనట. నీళ్ళలో నెమ్మదిగా నడుస్తుంది, గాలిలో జోరుగా పోతుంది, ఆ హద్దు దగ్గర ఏటవాలుగా వస్తే మళ్ళుతుంది. మన కంటికి ఆ మలుపు తెలియదు. వెలుగు నేరుగా వచ్చిందనే అనుకుని పాదాన్ని లేని చోట చూస్తుంది. నేను ఆ మాటను రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆటోతో చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

మా అబ్బాయి కళ్ళజోడుకి లావు అద్దాలు. వాడిని కుర్చీలో కూర్చోబెట్టి మొహం ఫొటో తీసింది. అద్దం బయట చెంప ఒకచోట, అద్దం లోపల చెంప ఇంకొకచోట. ఎవరో కత్తిరించి లోపలికి జరిపి అతికించినట్టు. "ఏందమ్మా గిది, నన్ను బడిల నవ్వులపాలు చేస్తదా?" అని వాడు గొణిగాడు. నా పాటల పుస్తకానికి వేసిన ప్లాస్టిక్ అట్ట మీద ఒక నీటిబొట్టు వేసింది. బొట్టు కింద అక్షరం ఉబ్బి పెద్దదైంది. దేవుడి పాటల మీద నీళ్ళా అని కసురుకున్నాను గానీ, తర్వాత కళ్ళజోడు లేకుండా ఆ అక్షరం నేనే చదివాను. గాజు సీసాలో నీళ్ళు పోసి నిమ్మకాయ వేస్తే బత్తాయంత కనిపించింది. వీధిలో ఇస్త్రీ బండి దగ్గర, అతను బొగ్గుల మూత తీసినప్పుడు పైకి లేచే వేడిలోంచి చూస్తే వెనక గేటు ఊచలు పాముల్లా మెలికలు తిరిగాయి. ఆ ఫొటో కోసం పిల్ల ఎన్నిసార్లు నిలబడిందో, ఇస్త్రీ అతను నవ్వుతూ "నా బండికి సినిమా తీస్తున్నవా బిడ్డా?" అన్నాడు.

ఫొటోలన్నీ కలిపి బోర్డు మీద అందంగా వేయించాలని మా అబ్బాయి రాంగోపాల్‌పేటలో ఉన్న ఒక పాత స్టూడియోకి ఫోన్‌లో పంపాడు. వద్దన్నాను. వాడు వినలేదు. "ఆయన ప్రింటింగ్ సాఫ్‌గ ఉంటదమ్మా" అన్నాడు.

నేను ఎందుకు వద్దన్నానో చెప్పాలి. మా ఆయన దర్జీ. ఆ రాంగోపాల్‌పేటలోనే ఒక బట్టల కొట్టు మెట్ల పక్కన మిషను పెట్టుకుని బతుకంతా కుట్టాడు. సూది దగ్గరికి తల వంచి వంచి, మెడ ఎడమవైపు వాలిపోయింది. మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు, చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఆ మెడ అలాగే ఉండేది. దూరం నుంచి వస్తుంటే మొహం కనిపించకముందే మెడ చూసి నేను గుర్తుపట్టేదాన్ని. ఆయన పోయాక జ్ఞాపకార్థ కూడికకి ఫొటో పెద్దది చేయించమని ఈ స్టూడియోకే ఇచ్చారు. వచ్చిన ఫొటోలో మెడ నిటారుగా ఉంది. రంగు తేలింది. ఒంటి మీద నల్ల కోటు, టై. ఊళ్ళో వాళ్ళందరికీ కోట్లు కుట్టిన మనిషి, తను ఒక్క రోజు కూడా వేసుకోలేదు. వచ్చినవాళ్ళంతా ఎంత బాగున్నాడు అన్నారు. నేను ఏడవలేకపోయాను. ఎవరిని చూసి ఏడవాలి? ఆ గోడ మీద ఉన్నాయన నాకు తెలియదు.

అది సరే. ఎగ్జిబిషన్ రోజు పిల్ల బల్లలు సర్దడానికి పొద్దున్నే వెళ్ళిపోయింది. నేను స్టూడియోకి వెళ్ళి, ఖాకీ కాగితం చుట్టి ఉన్న బోర్డు తీసుకుని, ఆటోలో బడికి చేర్చాను. పెద్ద హాలు. బల్లల వెంట పిల్లలు, అగ్నిపర్వతాలు, అట్టపెట్టెలతో చేసిన ఊపిరితిత్తులు. మా పిల్ల ఒక్కో ఫొటో కింద అతికించడానికి చీటీలు చేత్తో రాసి పట్టుకుని ఎదురుచూస్తోంది. మొదటి చీటీ నాకు గుర్తుంది. నీటిలో గరిటె విరిగినట్టు ఎందుకు కనిపిస్తుంది?

కాగితం విప్పాం.

గరిటె నిటారుగా ఉంది. నీళ్ళ పైనుంచి నీళ్ళ లోపలికి ఒకటే గీత, స్కేలు పెట్టి గీసినట్టు. నా కాళ్ళు నిటారుగా దిగాయి. పాదాలు తెల్లగా, సన్నగా, మడమలకు ఒక్క పగులు లేదు. పారాణి ఒక్కటే తక్కువ. మా అబ్బాయి చెంప అద్దం లోపలా బయటా చక్కగా కలిసిపోయింది, పైగా కళ్ళు కొంచెం పెద్దవి చేశాడు. పాటల పుస్తకం మీద బొట్టు లేదు, మరక అనుకుని తుడిచేశాడు. ఇస్త్రీ బండి వెనక గేటు ఊచలు సైనికుల్లా నిలబడ్డాయి. నిమ్మకాయ ఒక్కటే ఎలా తీసిందో అలా ఉంది.

పిల్ల బోర్డు మొత్తం రెండుసార్లు చూసింది. చీటీలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పక్క బల్ల దగ్గర అమ్మాయి తొంగి చూసి, "ఏం వంగిందే ఇందులో? అన్నీ స్కేల్ లెక్కనే ఉన్నాయి కదా. వంగనివి అని పేరు పెట్టు" అని నవ్వింది. ఇంకో ఇద్దరు నవ్వారు.

మా అబ్బాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాడు పనిచేసే గోడౌన్‌లో ఫోన్లు బయటే పెట్టించుకుంటారు. అసలు ఫొటోలు ఉంటే వాడి ఫోన్‌లో ఉండాలి, లేదా ఆ స్టూడియోలో ఉండాలి. మార్కులు వేసే సారు మధ్యాహ్నం వస్తాడట.

"నువ్వు ఈడనే ఉండు. నేను పోయొస్త" అన్నాను.

"నాయనమ్మా, కొట్లాడకు."

"కొట్లాడ. సంపుత."

స్టూడియో అతనికి యాభై దాటి ఉంటాయి. జుట్టుకు నల్లరంగు, చొక్కా జేబులో దువ్వెన. నన్ను చూడగానే కుర్చీ తుడిచాడు.

"రా అమ్మా, కూసో. ఎట్లున్నయ్ ఫొటోలు? స్కూల్ల అందరు ఖుషీనా?"

"నా కాళ్ళేవి?" అన్నాను.

"ఏందమ్మా?"

"నా కాళ్ళు. పగిలినయి, పొట్టియి, టబ్బుల విరిగినయి. ఏడ పెట్టినవ్?"

అతని మొహం వెలిగిపోయింది. అదీ నాకు ఒళ్ళు మండించింది. "గమనించినవా! దానికి మస్తు టైం పట్టిందమ్మా. ఒక్కొక్క పగులు పూడ్సిన. పెండ్లి పిల్ల కాళ్ళ లెక్క చేసిన. ఊరికెనే చేసిన, టచింగ్‌కు ఏం తీసుకోలే."

"గరిటె వంకరుంటె నీకేం తక్లీఫ్ అయింది?"

"నాకేం తక్లీఫ్? పాపకే తక్లీఫ్. నేను చూసి పరేషాన్ అయిన. ఫోన్ లెన్స్ ఖరాబయిందా, పాప చెయ్యి వణికిందా అని. ఒక్కటి గాదు, అన్నిట్ల వంకరే. గరిటె వంకర, కాళ్ళు వంకర, గేటు వంకర, నీ కొడుకు మొఖం వంకర. గట్ల స్కూల్ల పెడ్తే నవ్వరా? కూసోని ఒక్కొక్కటి సాఫ్ చేసిన."

"ఆ వంకరే పాఠం! వెలుగు వంగుతదని చెప్పేటందుకే పిల్ల తీసింది. ఆ వంకర కోసం సలిల నన్ను నీళ్ళల్ల నిలబెట్టింది!"

అతను జేబులో దువ్వెన తీసి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. అర్థమైందని మొహంలో కనిపించింది. కానీ ఒప్పుకునే మనిషి కాదు. "నీ కొడుకే చెప్పిండు. అన్నా, మా పాప సెక్షన్ దీని మీదనే ఉంది, జెర మంచిగ చెయ్యి అన్నడు."

"మంచిగ చెయ్యమంటే మంచిగ అచ్చు కొట్టమని."

"నా దుకాన్ల మంచిగ చెయ్యమంటే టచింగే అమ్మా. ఎవలొచ్చినా గదే మాట అంటరు. ముక్కు సక్కగ చేస్తం, రంగు తేలుస్తం, కోటేస్తం..."

"కోటు సంగతి ఎత్తకు!"

నా గొంతు అంత పైకి పోతుందని నాకే తెలియదు. పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చి కూర్చున్న ఒకాయన లేచి గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఇన్నాళ్ళు నోట్లోనే ఉంచుకున్నదంతా బయటికి వచ్చింది. "మా ఆయన మెడ నీకేం అడ్డమొచ్చిందయ్యా? నీ రెండు గల్లీల అవతలనే మిషిని తొక్కిండు. నీ చొక్కాలు సుత కుట్టిండు. ఆ మెడ నువ్వు చూడలేదా? నిన్ను ఎవరడిగిండ్రు సక్కగ చెయ్యమని?"

"మెడ వాలిన ఫొటో గోడకు ఎట్ల పెడ్తరమ్మా?" అన్నాడు, ఈసారి మెల్లగా. "పోయినాయనకు ఇజ్జత్ ఉండాలని చేసిన."

"బతికినన్ని రోజులు ఆ మెడతోనే ఇజ్జత్‌గ బతికిండు."

అతను కుర్చీ లాక్కున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని అసలు ఫొటోలు వెతికాడు. దేవుడి దయ, మా అబ్బాయి పంపినవి చెరిపెయ్యలేదు. ఒక్కొక్కటే తెర మీదికి తెచ్చాడు. విరిగిన గరిటె కనిపించింది. బాతు పాదాలు కనిపించాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. నిమ్మకాయ వచ్చినప్పుడు, దీన్నెందుకు ముట్టుకోలేదని అడిగాను. "నిమ్మకాయ పెద్దగుంటే మంచిదే గదమ్మా" అన్నాడు. నవ్వు వచ్చింది గానీ అతనికి చూపించలేదు.

ప్రతి ఫొటో అచ్చు కొట్టే ముందు అతని చెయ్యి ఆగేది. "గీ మడమలొక్కటన్న కొంచెం..." అనేవాడు. నేను చూసిన చూపుకి మళ్ళీ మీట నొక్కేవాడు. చివరికి కవరులో పెట్టి ఇస్తూ, "నా స్టాంపు ఎనక వెయ్యలే. ఎవరన్నా అడిగితే నా షాపు పేరు చెప్పకమ్మా, నీకు పుణ్యముంటది" అన్నాడు.

ఆటో అతను రైలు గేటు వైపు నుంచి పోకుండా చుట్టూ తిప్పాడు. ట్రాఫిక్. నేను బడికి చేరేసరికి హాలులో సమోసాలు పంచుతున్నారు. అంటే మార్కులు వేయడం అయిపోయిందన్నమాట.

సైన్సు మేడం ఎదురొచ్చింది. మొహం నిండా నవ్వు. "ఏమ్మా, ఎక్కడికి పోయారు? మీ పాపది చాలా బాగా వచ్చింది. జడ్జి సార్‌కి చాలా నచ్చింది. అంత నీట్ ప్రింటింగ్ ఎవరిదీ లేదన్నారు. మంచి మార్కులు వేశారు. ఎ సెక్షన్ అయిపోయినట్టే అనుకోండి."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఏ బోర్డుకి మార్కులు వేశారు? ఉన్న బోర్డుకే. నిటారు గరిటెకి. పెళ్ళికూతురి కాళ్ళకి. పిల్ల చీటీలు అతికించనేలేదు, బల్ల కింద పెట్టుకుంది.

పిల్ల దగ్గరికి వెళ్ళాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన నాయనమ్మా. సార్, ఫొటోలు తప్పున్నయి అన్న. ఆయన ఫోన్ల మాట్లాడుకుంట, పర్లేదమ్మా బాగున్నయి అన్నడు. మేడంకి చెప్పిన. మార్కులు పడ్డంక నోరు తెరవకు అన్నది."

ఇక్కడ నా కోపం దారి మళ్ళింది. అప్పటిదాకా అది ఆ స్టూడియో అతని మీద ఉంది. అతను చేసింది తప్పే, ఇప్పటికీ తప్పే అంటాను. కానీ ఆ మనిషి ప్రతి ఫొటోనీ కళ్ళు చికిలించుకుని మరీ చూశాడు. గరిటె వంకరగా ఉందని అతనికి కనిపించింది. గేటు ఊచ ఒక్కొక్కటీ వంకరని లెక్కపెట్టి మరీ బాధపడ్డాడు. వెలుగు వంగుతుందని పిల్లలకి పరీక్ష పెట్టిన ఈ సారుకి, ఎదురుగా ఉన్న బోర్డులో ఏదీ వంగలేదని కనిపించలేదు. చూడనే లేదు. కాగితం మెరుపు చూసి మార్కు వేశాడు. చూసిన మేడం నోరు మూసుకోమంది. పిల్ల రోజుల తరబడి ఇస్త్రీ బండి దగ్గర నిలబడి తీసినదానికీ, ఏమీ తీయనిదానికీ వీళ్ళకి తేడా లేదు. అట్ట మీద అందమైన బొమ్మలు ఉంటే చాలు.

కవరు నా చేతిలో ఉంది. ఇవి పెడితే ఆ మార్కు పోవచ్చు. అది నాకు తెలుసు, పిల్లకీ తెలుసు. నేను ఇవ్వకుండా అడిగాను.

"ఏం చేద్దాం? ఊకుందామా? సెక్షన్ వచ్చింది గదా."

పిల్ల బోర్డు వైపు చూసింది. "అవి నీ కాళ్ళు కాదు నాయనమ్మా" అంది. చెయ్యి చాపింది.

బల్ల మీద కత్తెర లేదు. నేను టేపు పళ్ళతో కొరికి ఇస్తుంటే, అది పాత ఫొటోల మీదే అసలు ఫొటోలు అతికించింది. చీటీలు కింద వేసింది. మేడం గబగబా వచ్చింది.

"ఏం చేస్తున్నావ్? పిచ్చా నీకు?"

"ఇవే నేను తీసినవి మేడం. అవి స్టూడియో అంకుల్ మార్చిండు."

"మార్చావంటే సార్ మళ్ళీ చూడాల్సి ఉంటుంది. అప్పుడు నన్ను అడగొద్దు."

"చూడమనండి మేడం" అంది పిల్ల. పరీక్ష కాగితం ముందు చేతులు చల్లబడే పిల్ల.

సారు సమోసా తింటూ వచ్చాడు. ఈసారి బోర్డు చూశాడు. పిల్ల ఆటో సంగతి మొదలుపెట్టింది, మట్టి, సిమెంటు, ముందు దిగిన చక్రం. సగం చెప్పేసరికి అతని ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, "ఇవి బ్లర్‌గా ఉన్నాయమ్మా. ఈ పాదాలేంటి, డీసెంట్‌గా లేదు. ముందువే బాగున్నాయి కదా, ఎందుకు చెడగొట్టావు?" అన్నాడు.

నేను ఆగలేకపోయాను. "సార్, ముందువాటిల ఏం వంగిందో ఒక్కటి చూపియ్యుండ్రి."

"పేరెంట్స్ బయట ఉండాలమ్మా. మేడం, వీళ్ళని ఎవరు లోపలికి పంపారు?"

నన్ను బయటికి పంపారు. గేటు దగ్గర, చెప్పుల గుట్ట పక్కన నిలబడ్డాను. సాయంత్రం పిల్ల బయటికి వచ్చింది. టేపు మరకలతో ఉన్న ఫొటోలు ఊడదీసి కవరులో పెట్టుకుంది. మార్కు తగ్గించాడని చెప్పింది. ఇంటికి వచ్చాక వాళ్ళ నాన్న, "నోరు మూసుకోని ఉంటే ఏం పోయేదే?" అని అరిచాడు. కోడలు, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మనిషి, అన్నం కంచం వాడి ముందు ఠక్కున పెట్టి, "పిల్లను అనకు. ఆ దుకాణానికి పంపింది నువ్వు" అంది. ఇల్లంతా ఆ రోజు గిన్నెల చప్పుడే.

బళ్ళు తెరిచాక సి సెక్షన్ అని చెప్పారు. నేను వెళ్ళి మేడంని అడిగాను. "నేను చేయాల్సింది చేశానమ్మా. తనే పాడు చేసుకుంది" అంది. మెట్ల కింద గది నేను చూశాను. ఒక్క కిటికీ, అది కూడా సైకిల్ స్టాండు వైపు. పైన పిల్లలు మెట్లు దిగుతుంటే లోపల పాఠం వినపడదు. లెక్కల సారు రాకపోతే ఆటల సారు వచ్చి కూర్చుంటాడట. పిల్ల ఏ రోజూ ఫిర్యాదు చేయలేదు. చేస్తే బాగుండును. నా కోపానికి తోడు ఉండేది.

మొన్న మోండా మార్కెట్‌లో కొత్తిమీర బేరం చేస్తుంటే ఎవరో భుజం తట్టారు. సైన్సు మేడం. చేతిలో టమాటాల సంచి.

"బాగున్నారా అమ్మా? పాప ఎలా చదువుతోంది?"

"సి సెక్షన్ల ఉంది మేడం."

"అక్కడైనా కష్టపడితే వస్తుందమ్మా. సెక్షన్‌దేముంది."

సెక్షన్‌దేముందట. నా చేతిలో కొత్తిమీర కట్ట నలిగిపోయింది. కూరగాయల ఆమె, "ఓ పెద్దమ్మా, కొంటవా, పిసుకుతవా?" అని అరిచింది.

"మేడం, ఒక్క మాట అడుగుత" అన్నాను. "ఆ రోజు మా పిల్ల అతికించిన ఫొటోలు, మీరు ఒక్కసారన్న చూసిండ్రా?"

మేడం ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నటన కాదు. అదే ఇంకా ఘోరం.

"ఏ ఫొటోలు?" అంది.

నేను కొత్తిమీర అక్కడే పెట్టేసి వచ్చేశాను. ఇంటికి వచ్చేసరికి పిల్ల కూరలోకి ఉల్లిపాయలు కోస్తోంది. కొత్తిమీర ఏదని అడిగింది. చెప్పాను. మార్కెట్లో ఎవరు కనిపించారో, ఏమడిగానో, ఆమె ఏమందో. కత్తి ఆపలేదు అది. ఉల్లిపాయ పూర్తిగా కోసి, చేతులు కడుక్కుని, బీరువా తలుపు తీసి ఆ కవరు బయట పెట్టింది.

"యాది లేదంటనా?"

"లేదంట."

"అయితే నేను చూపిస్త."

"ఎవరికి?"

"మేడంకే. స్టాఫ్ రూంల కూసుంటది లంచ్‌కి. ఒక్కొక్కటి ముందర పెడ్త. గరిటె కాడి నుంచి మొదలుపెట్టి ఆమె చెప్పాలె నాకు, ఎటు వంగిందో, ఎందుకు వంగిందో. మార్కులొద్దు నాకు."

వాళ్ళ నాన్న వద్దన్నాడు. మళ్ళీ గొడవ ఎందుకు, పదో తరగతి, వాళ్ళతో పెట్టుకోకు అన్నాడు. నేను వాడి వైపు చూడలేదు. పిల్ల యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టాను. ఈ పొద్దున అది కవరు బ్యాగులో పెట్టుకుని, అన్నం తినకుండానే వెళ్ళింది. రోజూ తలకు నూనె వద్దనే పిల్ల, ఈ రోజు తనే వచ్చి నా ముందు కూర్చుంది, జడ గట్టిగా వెయ్యమని.

ఇప్పుడు వాళ్ళకి లంచ్ టైం అయి ఉంటుంది.